ఆరుబయట తెర, మన చేతి సినిమా: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురం చుట్టుపక్కల ఊళ్లలో మేము ఆరుబయట తెర కట్టి, ఊరివాళ్లు తీసిన చిన్న సినిమాలను ఊరివాళ్ల మధ్యనే చూపిస్తున్నాం. టికెట్టు లేదు, బహుమతులు లేవు. ఏ ఊరికి వెళ్లినా, ఏ కళాశాలలో మాట్లాడినా దాదాపు ఇవే సందేహాలు ఎదురవుతున్నాయి. ఒక్కొక్కరికీ ఫోనులో చెప్పేటప్పుడు తొందరలో ఏదో ఒకటి వదిలేస్తున్నాం. అందుకే అన్నీ ఒకచోట రాసిపెట్టాం. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

ఇది సినిమా ప్రదర్శనా, పోటీయా? నాకు అర్థం కాలేదు.

పోటీ కాదు. చీకటి పడ్డాక ఎవరి సినిమా వాళ్లు పెన్ డ్రైవులో ఇస్తారు, ఇచ్చిన వరుసలోనే వేస్తాం. వేసే ముందు తీసినవాళ్లు లేచి పేరు, ఊరు, ఎందుకు తీయాలనిపించిందో రెండు మాటల్లో చెబుతారు. అయిపోయాక చూసినవాళ్లు మాట్లాడతారు. తెర కట్టేదీ, చాపలు పరిచేదీ, చివర వైర్లు చుట్టేదీ వచ్చినవాళ్లే. ఊరికే చూసిపోదామని వచ్చినా సంతోషమే. అలా వచ్చినవాళ్లలో చాలామంది రెండోసారికి గుంజలు పాతుతూ కనిపిస్తారు.

‘ఔత్సాహికులు’ అంటే పని సరిగా రానివాళ్లనే కదా అర్థం?

కాదు. ఆ మాటను అలా వాడుతుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది. ఇంగ్లీషు వాళ్ల అమెచ్యూర్ అనే మాట లాటిన్‌లో ‘ప్రేమించేవాడు’ అనే పదం నుంచి పుట్టింది. మన మాటలో ఉత్సాహం ఉంది. పనితనం తక్కువ అన్న సూచన రెండింటిలోనూ లేదు. తాడిపత్రిలో పుట్టిన బళ్లారి రాఘవ వృత్తిరీత్యా న్యాయవాది. కోర్టు పని చేసుకుంటూనే తెలుగు నాటకరంగంలో అంత ఎత్తుకు ఎదిగారు. ఆయన నటనను ‘పని రానివాడి నటన’ అని ఎవరైనా అనగలరా?

పొట్టకూటికి సినిమా తీసేవాళ్లకు లేని స్వేచ్ఛ ఒకటి మనకు ఉంది. పెట్టుబడి తిరిగి రావాలన్న బెంగ లేదు. మీ అవ్వ రాగి సంగటి కెలికే దృశ్యాన్ని ఎనిమిది నిమిషాలు కదలకుండా చూపాలనుకుంటే చూపవచ్చు. ఆ ఎనిమిది నిమిషాలు నిలబడే బాధ్యత మాత్రం మీదే.

నా దగ్గర మామూలు ఫోను ఒక్కటే ఉంది. చాలుతుందా?

చాలుతుంది. ఇంట్లోవాళ్లు తీసుకునే సినిమా ఫోనుతో పుట్టలేదు. 1923లో 16 మిల్లీమీటర్ల ఫిల్ము, 1932లో 8 మిల్లీమీటర్లది, 1965లో సూపర్ 8 వచ్చాయి. సూపర్ 8 డబ్బాలో 50 అడుగుల ఫిల్ము ఉండేది. సెకనుకు 18 ఫ్రేముల చొప్పున తీస్తే 3 నిమిషాల 20 సెకన్లకు అయిపోయేది. ఆ తర్వాత దాన్ని కడగడానికి పంపి, ఎలా వచ్చిందో చూడటానికి రోజుల తరబడి ఎదురుచూడాలి.

మీ ఫోనుకు ఆ హద్దు లేదు. చిక్కు కూడా అక్కడే వస్తుంది. మూడు గంటలు తీసేసి, ఏది ఉంచాలో తెలియక వదిలేసినవాళ్లను చాలామందిని చూశాను. మొదటి సినిమాకు మీ చేతిలో 3 నిమిషాల 20 సెకన్ల ఫిల్మే ఉందనుకోండి. బటన్ నొక్కేముందు ఎంత ఆలోచిస్తారో మీకే తెలుస్తుంది.

కథ దొరకడం లేదు. దేని గురించి తీయాలి?

కథ కోసం వెతకకండి, చోటు కోసం వెతకండి. 1895లో లూమియేర్ సోదరులు చూపిన తొలి సినిమాలు ఒక్కొక్కటి 50 సెకన్ల లోపే. కెమెరా ఒకచోట పెట్టి, కార్మికులు ఫ్యాక్టరీ నుంచి బయటకు రావడాన్ని తీశారు. మీరూ ఒక్క నిమిషం, ఒక్క షాటు తీయండి. రాత్రిపూట బోరు వేస్తుంటే పైపు నుంచి ఇంకా దుమ్మే వస్తున్నప్పుడు పక్కన నిలబడిన రైతు ముఖం. ధర్మవరంలో మగ్గం గుంట దగ్గర కాళ్ల కదలిక. మూటలతో బెంగళూరు బస్సు ఎక్కుతున్న దంపతులు, గుమ్మంలో ఆగిపోయిన ముసలమ్మ. వీటిలో దేనికీ కథ రాయనక్కరలేదు.

ఒక్కటి మాత్రం మనసు విప్పి చెబుతాను. ఇక్కడి కుర్రాళ్లు ఫోను చేతిలోకి రాగానే వేటకొడవలి, ఎర్ర రంగు, దుమ్ము లేపుకుంటూ వచ్చే జీపు తీస్తారు. రాయలసీమ అంటే ఇదే అని దశాబ్దాలుగా బయటివాళ్లు తీసి చూపించారు. దాన్నే మనవాళ్లు అద్దంలో చూసుకున్నట్టు మళ్లీ తీస్తున్నారు. తాడిపత్రిలో పుట్టిన కె.వి.రెడ్డి, పులివెందుల దగ్గరి కొత్తపల్లిలో పుట్టిన బి.ఎన్.రెడ్డి తెలుగు సినిమాకు నడక నేర్పినవాళ్లు. అలాంటి నేల మీద నిలబడి, ఎవరో గీసిన మన బొమ్మను మనమే ఎందుకు దిద్దుకోవాలి? కొడవలి సినిమా తెచ్చినా వేస్తాం. అయితే వేశాక ‘మీ వీధిలో ఇలా జరగడం నువ్వు చూశావా నాయనా?’ అని ఎవరో ఒక పెద్దాయన తప్పకుండా అడుగుతాడు. జవాబు సిద్ధం చేసుకుని రండి.

మా అమ్మకు చదువు రాదు, యాభై దాటాయి. ఆమె తీయగలదా?

తప్పకుండా. జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి పనిచేసిన దళిత మహిళా రైతులు కెమెరా పట్టడం నేర్చుకుని తమ విత్తనాల గురించి, తమ పొలాల గురించి సినిమాలు తీశారు. వాళ్లలో బడికి వెళ్లనివాళ్లు ఉన్నారు. ఫోను మీద ఎర్ర చుక్క ఎక్కడ నొక్కాలో చూపించి, మీరు ఆ గదిలో నుంచి బయటకు వచ్చేయండి. పక్కన నిలబడి ‘అలా కాదమ్మా’ అనకండి.

## తీసేటప్పుడు

ఫోను నిలువుగా పట్టుకోవాలా, అడ్డంగానా?

అడ్డంగా. నిలువుగా తీస్తే తెరలో మూడింట రెండు వంతులు చీకటే మిగులుతుంది.

మాటలు వినపడటం లేదు, గాలి హోరే వస్తోంది. ఏం చేయాలి?

మాకు వచ్చే సినిమాల్లో సగానికి సగం ఇక్కడే దెబ్బతింటాయి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా జనం ఓర్చుకుంటారు, మాట వినపడకపోతే మాత్రం పక్కవాళ్లతో కబుర్లు మొదలుపెడతారు.

ఫోను మైకు దగ్గరి మాటనే బాగా పడుతుంది. అందుకని రెండో ఫోను అడిగి తెచ్చుకోండి. దానిలో శబ్దం రికార్డు చేసే ఏర్పాటు ఆన్ చేసి మాట్లాడేవాళ్ల చొక్కా జేబులో వేయండి, లేదా కొంగు చాటున పెట్టమనండి. తీయడం మొదలవగానే కెమెరాకు కనిపించేలా ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టాలి. చేతులు కలిసిన ఫ్రేమునూ, చప్పుడు వినిపించిన చోటునూ కలిపితే బొమ్మ, మాట ఒకటవుతాయి. గాలికి మీ వీపు అడ్డుపెట్టండి. మైకు రంధ్రం మీద పలుచని స్పాంజి ముక్కో, ఉన్ని గుడ్డో ఉంచినా హోరు బాగా తగ్గుతుంది.

చివరగా, ఎవరూ మాట్లాడకుండా ఆ చోటి శబ్దాన్ని అర నిమిషం విడిగా రికార్డు చేసుకోండి. కోళ్లు, దూరంగా ట్రాక్టరు, వేపచెట్టు గలగల. మాటల మధ్య ఖాళీలు పూడ్చడానికి దానికి మించినది లేదు.

నాకు ఇష్టమైన సినిమా పాట వెనక పెట్టుకోవచ్చా?

వద్దు. పాట హక్కులు దాని యజమానులవి. అనుమతి లేకుండా పదిమంది ముందు వినిపించడం చట్టం ఒప్పుకోదు. చట్టం మాట అటుంచినా, ఆ పాట వినగానే జనానికి దాని హీరో గుర్తొస్తాడు, మీ నాన్న కనపడడు. మన దగ్గర చెక్కభజన ఉంది, పండరి భజన ఉంది, ఉరుముల వాయిద్యం ఉంది. ఆ బృందం దగ్గరికి వెళ్లి, సినిమాకు అని చెప్పి, అడిగి రికార్డు చేసుకోండి. వాళ్ల పేర్లు తెర మీద పెద్ద అక్షరాలతో వేయండి. ఇవ్వగలిగినంత డబ్బు కూడా ఇవ్వండి.

ఊళ్లో వాళ్లనే తీస్తున్నాను. ప్రత్యేకంగా అనుమతి అడగాలా?

అడగాలి. తీసేముందు ఒకసారి, చూపించేముందు ఇంకోసారి. కెమెరా ముందు ఒప్పుకున్న మనిషి, ఇరుగుపొరుగు అంతా చేరిన చోట తన ముఖం తెర నిండా కనిపించడానికి ఒప్పుకోకపోవచ్చు. ఒకసారి ఒక అవ్వ అప్పుల గురించి చెబుతూ ఏడ్చింది. తీసిన అమ్మాయి ముందుగా ఆమెకు ఫోనులో చూపింది. ‘నా కొడుకు ఆ జనంలో కూర్చుంటాడు, వద్దమ్మా’ అందావిడ. ఆ ముక్క తీసేశాం. సినిమాలో అన్నిటికన్నా బలమైన ముక్క అదే. అయినా తీసేయడమే సరైన పని. పిల్లలను తీస్తే తల్లిదండ్రులను అడగండి. లేపాక్షి వంటి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న చోట్ల తీయాలంటే ఆ శాఖ నిబంధనలు ముందే కనుక్కోండి.

ఎడిటింగ్ రాదు. అది నేర్చుకునేదాకా ఆగాలా?

ఆగవద్దు. ఏ వరుసలో చూపాలో ఆ వరుసలోనే తీయండి. ముందు వాకిలి, తర్వాత పొయ్యి, తర్వాత చేతులు. ఒక్కో షాటు ఐదారు సెకన్లకు తగ్గకుండా, మధ్యలో కెమెరా కదపకుండా తీస్తే, ఆ ముక్కలను ఒకదాని వెనక ఒకటి అతికిస్తే చాలు. అతికించడం ఫోనులోనే పది నిమిషాల పని.

ఫైలు ఏ రకంగా తేవాలి?

ఎంపీ4 ఫైలుగా, 1080 నాణ్యతతో. పెన్ డ్రైవు పాత పద్ధతిలో, అంటే ఫ్యాట్32గా ఫార్మాట్ అయి ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులోకి ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌గా మార్చుకోండి. అన్ని టీవీలూ దాన్ని చదవవు కాబట్టి మా ల్యాప్‌టాప్‌లో ముందుగా ఒకసారి వేసి చూస్తాం. అందుకే సాయంత్రం ఐదింటికే రమ్మంటాం. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపకండి, అది బొమ్మను పిండేస్తుంది. తప్పకపోతే డాక్యుమెంటుగా పంపండి.

## తెర, గాలి, కరెంటు

తెర కొనాలా?

కొనవద్దు. సున్నం కొట్టిన బడి గోడ అన్నిటికన్నా మంచి తెర. గాలికి ఊగదు, దానికి తాళ్లు అక్కరలేదు. గోడ లేకపోతే దట్టమైన తెల్ల నూలు గుడ్డను పన్నెండు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు వచ్చేలా దర్జీ దగ్గర కుట్టించుకోండి. అతుకు నిలువుగా కాక అడ్డంగా వచ్చేలా చూసుకోండి, అప్పుడు ముఖాల మధ్య గీత పడదు. అంచుల్లో గట్టి నాడా వేసి కుట్టించి, అడుగుకొక కన్నం పెట్టించండి.

వెనక నల్ల గుడ్డ కడితే వెనక నుంచి వచ్చే వెలుతురు బొమ్మను పలచన చేయదు. మాకైతే అప్పుడప్పుడు వెనక ఏమీ కట్టకుండా, ప్రొజెక్టరును తెర వెనక పెట్టి, బొమ్మను కుడి ఎడమలు తిప్పి వేయడం ఇష్టం. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో తోలుబొమ్మలాట కుటుంబాలు తరతరాలుగా చేస్తున్నది అదే కదా: పలుచని తెల్ల తెర, వెనక దీపం, ఇటు జనం. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. వెలుగుతో తెర మీద కథ చెప్పడం ఈ నేలకు ప్రొజెక్టరు తెచ్చిపెట్టిన విద్య కాదు.

గాలికి తెర పడిపోదా?

పడిపోతుంది, జాగ్రత్త పడకపోతే. పన్నెండు అడుగుల వెడల్పు, ఏడు అడుగుల ఎత్తు ఉన్న గుడ్డకు గంటకు 30 కిలోమీటర్ల గాలి ఎదురుగా తగిలితే దాని మీద దాదాపు 40 కిలోల బరువంత తోపు పడుతుంది. గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగింతలవుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా మన ప్రాంతంలో వీచే గాలి ఎలాంటిదో రామగిరి కొండల మీది గాలిమరలను అడిగితే చెబుతాయి. ఆ మూడు నెలలు గోడ మీదే వేయండి, గుడ్డ కట్టవద్దు.

మిగతా నెలల్లో వెదురు గుంజలను రెండడుగుల లోతు పాతి, ఒక్కో గుంజకు ముందు, వెనక మోకులు లాగి మేకులకు కట్టండి. గుడ్డను గుంజకు కట్టేటప్పుడు పాత సైకిలు ట్యూబు ముక్కలు వాడండి. గాలి తోసినప్పుడు అవి సాగి, మళ్లీ బిగుసుకుంటాయి. కింది అంచు కట్టేయకుండా ఇసుక సంచులు వేలాడదీస్తే, గట్టి విసురు వచ్చినప్పుడు గుడ్డ చిరగకుండా పైకి లేచి గాలిని వదిలేస్తుంది. పిల్లలను గుంజల దగ్గర కూర్చోనివ్వకండి.

ఎంత ప్రొజెక్టరు కావాలి?

పూర్తిగా చీకటి పడ్డాక, పది అడుగుల వెడల్పు బొమ్మకు 3000 ఆన్సీ ల్యూమెన్ల వెలుగు చాలు. ‘ఆన్సీ’ అన్న మాట చూసుకోండి, వెలుగును ప్రమాణం ప్రకారం కొలిచారని దాని అర్థం. చౌక ప్రొజెక్టర్ల పెట్టె మీద ఆ మాట లేకుండా పెద్ద అంకెలు వేస్తారు, వెలుగు అంత ఉండదు. మామూలు ప్రొజెక్టరుకు బొమ్మ వెడల్పుకు ఒకటిన్నర రెట్లు దూరం కావాలి, అంటే పది అడుగుల బొమ్మకు పదిహేను అడుగులు. బడిలోదో, కళాశాలలోదో అడిగితే దొరుకుతుంది. వీధి దీపం తెర మీద పడుతుంటే పంచాయతీ వాళ్లను అడిగి ఆ ఒక్కటి ఆర్పించండి. ప్రొజెక్టరు బలం పెంచడం కన్నా అది సులువు.

మధ్యలో కరెంటు పోతే?

ఇంటి ఇన్వర్టరే ఆదుకుంటుంది. 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీలో సుమారు 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. బ్యాటరీ పాడవకూడదంటే అందులో సగమే వాడాలి. ప్రొజెక్టరు, స్పీకరు కలిసి 400 వాట్లు లాగితే రెండు గంటలు నడుస్తాయి. జనరేటరు మాకు నచ్చదు, దాని మోతలో మాటలు మునిగిపోతాయి.

ఎన్నింటికి మొదలుపెట్టాలి?

సూర్యుడు కుంకాక ముప్పావు గంటకు. డిసెంబరులో ఆరుముప్పావుకే వేయవచ్చు, మే నెలలో ఏడున్నర అవుతుంది. వాన పడ్డ మర్నాడు పెట్టుకుంటే ఉసిళ్లు ప్రొజెక్టరు వెలుగుకు ముసురుతాయి. యాభై అడుగుల దూరంలో ఒక బల్బు వెలిగించి, కింద నీళ్ల బేసిన్ పెడితే చాలావరకు అటు పోతాయి.

ఎవరి అనుమతులు కావాలి?

స్థలం ఎవరిదైతే వాళ్లది: పంచాయతీ, బడి ప్రధానోపాధ్యాయులు, లేదా కళ్లం యజమాని. మైకుకు పోలీసుల నుంచి రాతపూర్వక అనుమతి తీసుకోండి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదు. మేము తొమ్మిదిన్నరకే ముగిస్తాం, మర్నాడు పరీక్ష ఉన్న పిల్లలు ప్రతి వీధిలోనూ ఉంటారు. థియేటర్లలో ఆడిన సినిమాలు వేయం. సినిమా మీద హక్కు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు ఉంటుంది.

## ఆ రాత్రి

నా సినిమా చూసి నవ్వితే?

ఈ ప్రశ్నను చాలామంది చివర్లో, గొంతు తగ్గించి అడుగుతారు. నవ్వుతారు. ముఖ్యంగా తెలిసిన మనిషి తెర మీద కనిపించగానే నవ్వుతారు. అది మీ మీద నవ్వు కాదు. ‘అరే, మన నారాయణ మామ!’ అని గుర్తుపట్టిన సంబరం. ఆ అలజడి తగ్గడానికి అర నిమిషం పడుతుంది, కాబట్టి ముఖ్యమైన మాటను సినిమా మొదట్లోనే పెట్టకండి.

నవ్వకూడని చోట నవ్వడమూ జరుగుతుంది. ఒక అబ్బాయి చనిపోయిన తన తాత మీద సినిమా తీశాడు. తాత ఖాళీ మంచాన్ని చాలాసేపు చూపించాడు. వెనక వరుసల్లో నవ్వు మొదలైంది. వాడు తల దించుకున్నాడు. అప్పుడు తాత ఈడు మనిషి ఒకాయన లేచి, ఆ మంచం నులక తానే అల్లానని చెప్పాడు. ఎన్ని రోజులు పట్టిందో, ఎంత కూలి తీసుకున్నాడో కూడా చెప్పాడు. అందరూ నిశ్శబ్దమయ్యారు. వెనక వరుసల నుంచే ‘మళ్లీ వేయండి’ అన్న మాట వచ్చింది. ఇంకోసారి వేశాం. మొదటిసారికీ రెండోసారికీ సినిమాలో ఒక్క ఫ్రేము మారలేదు.

తర్వాత మాట్లాడేటప్పుడు అందరూ తప్పులే వెతికితే?

మొదట ‘ఏం కనిపించింది?’ అని మాత్రమే అడుగుతాం. ‘బాగుందా, లేదా?’ అని అడగం. తీసినవాళ్లు మొదటి ఐదు నిమిషాలూ జవాబు చెప్పకుండా వినాలి. మైకును ముందుగా ఆడవాళ్ల వైపుకు తీసుకెళ్తాం. చివరికి ఇద్దామనుకుంటే వాళ్ల వంతు వచ్చేసరికి సమయం అయిపోతోంది. ఇది నాలుగైదు ఊళ్లలో అనుభవించి నేర్చుకున్నాం.

ఎవరి సినిమానైనా వేయనని చెప్పే హక్కు మీకుందా?

ఉంది. కులాన్నో మతాన్నో కించపరిచినా, ఒప్పుకోని మనిషిని చూపినా వేయం. బాగా లేదన్న కారణంతో మాత్రం ఎవరినీ ఇప్పటిదాకా తిప్పి పంపలేదు.

## తర్వాత

యూట్యూబులో పెడితే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకు?

పెట్టండి, అదీ మంచిదే. కానీ అక్కడ మీ సినిమా చూసినవాళ్ల ముఖం మీకు కనపడదు. 1967లో కెనడా జాతీయ చలనచిత్ర మండలికి చెందిన కోలిన్ లో, ఫోగో అనే ద్వీపంలో మత్స్యకారుల మాటలను చిత్రించి వాళ్లకే చూపించారు. ప్రభుత్వం వాళ్లను అక్కడి నుంచి తరలించాలని చూస్తున్న రోజులవి. దూరదూరంగా బతుకుతున్న ఆ పల్లెలవాళ్లు పక్క ఊరి కష్టమూ తమ కష్టమే అని తెర ముందు కూర్చుని గ్రహించారు. తర్వాత మత్స్యకారుల సహకార సంఘం పెట్టుకున్నారు, ద్వీపంలోనే నిలిచారు. ఒంటరిగా ఫోనులో చూసి ఉంటే అది జరిగేదని నేను అనుకోను.

డబ్బు ఎవరిస్తారు?

చూసినవాళ్లు. చివర ఒక కండువా పరుస్తాం, ఎవరికి తోచింది వాళ్లు వేస్తారు. కొందరు బొరుగులు, చెనక్కాయలు తెస్తారు, అదీ చందానే. 1980లలో కేరళలో మలయాళ దర్శకుడు జాన్ అబ్రహాం, ఆయన మిత్రులు ఒడెస్సా అనే బృందంగా చేరి, ఊరూరా సినిమాలు చూపిస్తూ ప్రజల దగ్గర చిన్న మొత్తాలు పోగుచేసి 1986లో పూర్తి నిడివి చిత్రమే తీశారు. మా ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు. ఆటో బాడుగ, టేపు, తాళ్లు.

మా ఊళ్లో మేమే పెట్టుకోవచ్చా? మీ పేరు వాడాలా?

మీరే పెట్టుకోండి, మా పేరు అక్కరలేదు. కనీసం మూడు సినిమాలు మీ ఊరివే ఉండేలా చూసుకోండి. గుడ్డ, గుంజలు, మోకులు అడిగితే ఇస్తాం. తిరిగి ఇచ్చేటప్పుడు గుడ్డ ఉతికి, నీడలో ఆరబెట్టి, మడత పెట్టకుండా గుంజకు చుట్టి ఇవ్వండి. మడత పడితే తర్వాతి ఊళ్లో ఎవరి ముఖం మీదో గీత పడుతుంది.